పడగొట్టక ముందు పరీక్షించండి

పాత మిషను బంగళాలు, మన మిద్దెలు, అమెరికాలోని ఒక టేకు ఇల్లు



లేవీయకాండము పదునాలుగవ అధ్యాయం వచ్చేసరికి మనలో చాలామంది తొందరగా పేజీ తిప్పేస్తాం. కుష్ఠు గురించిన నియమాలు ఈ కాలంలో మనకెందుకులే అనుకుంటాం. అయితే ఆ అధ్యాయం చివరి భాగంలో (14:33-53) దేవుడు మనిషికి వచ్చే తెగులు గురించి కాక, ఇంటికి పట్టే తెగులు గురించి మాట్లాడాడు. గోడ మీద పచ్చగానో ఎర్రగానో చారలు కనబడితే ఇంటి యజమాని వెళ్లి యాజకునికి చెప్పాలి. యాజకుడు వచ్చి చూడాలి. చూచిన వెంటనే పడగొట్టమని ఆజ్ఞ లేదు. ఏడు దినాలు ఇల్లు మూసి ఉంచి, మళ్లీ వచ్చి చూడాలి. తెగులు వ్యాపిస్తే చెడిన రాళ్లు మాత్రమే ఊడదీయాలి. వాటి చోట మంచి రాళ్లు పెట్టాలి. గోడ గీకించి కొత్త పూత పూయించాలి. ఇంత చేసినా తెగులు తిరిగి వస్తేనే ఇల్లు పడగొట్టాలి.

ఇంటి విషయంలో దేవునికి ఎంత ఓర్పు ఉన్నదో చూడండి. పడగొట్టడం చిట్టచివరి మాట. మన సంఘాల్లో మాత్రం అది తరచుగా మొదటి మాట అవుతున్నది. "ఈ బంగళా పాతబడింది, కారుతున్నది, తీసేసి స్లాబు వేద్దాం" అని కమిటీలో ఒకరు అంటారు. నలుగురు తలలూపుతారు. మరుసటి వారానికి గడ్డపారలు వస్తాయి. నూరేండ్లు నిలిచిన గోడ మూడు రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది. ఆ ఇంటి సంగతేమిటో, దాన్ని కట్టినవారెవరో, దానిలో చెడిందేమిటో, బాగున్నదేమిటో అడిగినవారు ఉండరు. అందుకే ఈ నెల మా పాఠకులతో ఇండ్ల గురించి మాట్లాడాలని అనుకున్నాము.

మన ప్రాంతంలో బంగళాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాన్ని మనం పశ్చిమ ప్రకాశం అని పిలుచుకుంటాం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒక వైపు నల్లమల, మరొక వైపు మెట్ట చేలు, మధ్యలో గుండ్లకమ్మ. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఈ నేల మీదికి సువార్త రెండు దారుల్లో వచ్చింది.

ఒంగోలు వైపు నుండి అమెరికన్ బాప్తిస్టు మిషను వచ్చింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు చేరారు. 1876-78 నాటి గొప్ప కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వే కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలాదిమందికి పని ఇచ్చి కూలి చెల్లించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తరువాత ఒంగోలు ఒక్క స్టేషను నుండి ఇంత పెద్ద పనిని చూడడం కష్టమై, లోపలి ఊళ్లలో కొత్త స్టేషన్లు తెరిచారు. 1882లో కంభం, 1892లో కనిగిరి, 1894లో పొదిలి, 1895లో మార్కాపురం, 1903లో దొనకొండ. గిద్దలూరు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను పనిచేసింది. దక్షిణ ఇండియా సంఘపు నంద్యాల అధ్యక్ష మండలం ఆ పనికి వారసురాలు.

స్టేషను తెరవడమంటే ఒక కాంపౌండు ఏర్పడడం. కాంపౌండులో ప్రార్థన మందిరం, బడి, కొన్ని చోట్ల బోర్డింగు, ఆసుపత్రి, ఒక బంగళా. "దొరగారి బంగళా" అని మన పెద్దలు పిలిచింది దీన్నే. మందమైన రాతి గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా, పెద్ద పెద్ద తలుపులు. మే నెలలో బయట నిప్పులు కురుస్తున్నా లోపలికి అడుగు పెడితే చల్లగా ఉండే ఇల్లు. కరెంటు రాక ముందు, ఫ్యాను తిరగక ముందు, ఎండను గెలిచిన ఇల్లు.

బంగళా మాట ఎక్కడిది?

బంగళా అంటే దొరల ఇల్లు గనుక అది దొరల మాటే అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మన దేశపు మాట. బెంగాలు పల్లెల్లో వంగిన చూరుతో, చుట్టూ నీడతో, ఒకే అంతస్తుగా కట్టుకొనే గుడిసెను బంగ్లా అనేవారు. అంటే బెంగాలు పద్ధతి ఇల్లు అని అర్థం. మూడు వందల ఏండ్లకు పైబడిన సంగతి ఇది. వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషువారు ఈ ఎండలకు తట్టుకోలేక, ఆ పేదవాని ఇంటిని చూచి నేర్చుకున్నారు. గోడలు మందం చేశారు, గదులు పెంచారు, చూరు క్రింద స్తంభాలు నిలిపి వరండా చేశారు. అలా గుడిసె బంగళా అయింది.

తరువాత ఆ ఇల్లు ఓడ ఎక్కింది. 1870 ప్రాంతంలో ఇంగ్లండు సముద్ర తీరాన బంగళా పేరుతో ఇండ్లు లేచాయి. 1880 నాటికి అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఒకటి వెలిసింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి ముప్పై ఏండ్లలో అమెరికాలో మధ్యతరగతి కుటుంబాలు కట్టుకొన్న ఇండ్లలో బంగళా పద్ధతివి లెక్కలేనన్ని. సియర్స్ అనే కంపెనీ 1908 నుండి 1940 వరకు ఇంటి సామాను మొత్తం, కోసిన దూలాలు మొదలు మేకుల దాకా, రైలు మీద పంపి అమ్మింది. అలా అమ్మిన ఇండ్లు డెబ్బై వేలకు పైనే. వాటిలో బంగళాలు చాలా ఉన్నాయి. బెంగాలు రైతు గుడిసె ఎంత దూరం పోయిందో చూడండి! ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు తలరాయి అయినట్టు, అల్పమైనదాన్ని హెచ్చించడం మన దేవునికి అలవాటే.

చేతిపనికి మర్యాద

అమెరికాలో ఈ బంగళాకు ఒక కొత్త పేరు వచ్చింది. దాన్ని క్రాఫ్ట్స్‌మన్ ఇల్లు అన్నారు. క్రాఫ్ట్స్‌మన్ అంటే చేతిపనివాడు. ఈ పేరు వెనుక ఒక ఆలోచన ఉన్నది.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఫ్యాక్టరీలు పెరిగాయి. వస్తువులు చవకగా, గుట్టలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. వడ్రంగి, నేతగాడు, కమ్మరి కూలివాళ్లయిపోయారు. పనిలో ఆనందం పోయింది, వస్తువులో అందం పోయింది. జాన్ రస్కిన్, విలియం మారిస్ అనే ఇద్దరు దీనికి ఎదురు మాట్లాడారు. మనిషి చేతులకు దేవుడిచ్చిన నైపుణ్యాన్ని అవమానించవద్దన్నది రస్కిన్ వాదన. 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో గాంధీగారు చదివి జీవితం మార్చుకొన్నది ఈ రస్కిన్ పుస్తకాన్నే. మారిస్ 1877లో పాత కట్టడాలను కాపాడే సంఘం ఒకటి స్థాపించాడు. పాత కట్టడాన్ని మనకు నచ్చినట్టు కొత్తగా మార్చవద్దు, రోజువారీ శ్రద్ధతో చెడిపోకుండా చూసుకోండి, చెడినంత మేరకే బాగు చేయండి అన్నది ఆ సంఘపు సూత్రం. చదువుతుంటే లేవీయకాండమే గుర్తుకు వస్తుంది.

అమెరికాలో ఈ ఆలోచనను గుస్టావ్ స్టిక్లీ అనే కుర్చీలు, బల్లలు చేసే వ్యాపారి అందుకొన్నాడు. 1901లో "ది క్రాఫ్ట్స్‌మన్" అనే మాసపత్రిక మొదలుపెట్టాడు. అది 1916 వరకు నడిచింది. అందులో సామాన్య కుటుంబాలకు ఇండ్ల ప్లానులు ముద్రించేవాడు. వాలు తక్కువగా ఉండే కప్పు, బాగా ముందుకు వచ్చిన చూరు, లావుపాటి స్తంభాలతో వరండా, దాచకుండా కనబడే దూలాలు వాసాలు, దగ్గరలో దొరికే రాయి, కొయ్య. గోడలోనే అమర్చిన అలమరలు, కూర్చొనే బల్లలు. ఏదీ ఆడంబరానికి ఉండదు. కనబడే దూలం నిజంగా బరువు మోస్తుంది. స్టిక్లీ తన సామానుల మీద ఒక వడ్రంగి కంపాసు గుర్తు, దానిలో ఒక పాత ఫ్లెమిష్ మాట ముద్ర వేసేవాడు. నాకు చేతనైనంత వరకు అని దాని భావం. మన పనులన్నిటి మీద వేయదగిన ముద్ర కాదా అది?

ప్రియులారా, మన ప్రభువు కూడా వడ్రంగి బల్ల దగ్గర పెరిగినవాడే (మార్కు 6:3). ప్రత్యక్ష గుడారం కట్టవలసి వచ్చినప్పుడు దేవుడు తన ఆత్మతో నింపినవాడు బెసలేలు అనే చేతిపనివాడు (నిర్గమ. 31:1-5). షూనేము దంపతులు దైవజనునికి మేడ మీద కట్టించిన చిన్న గది చూడండి. ఒక మంచం, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపస్తంభం (2 రాజులు 4:10). అవసరమైనది అంతా ఉన్నది, అవసరం లేనిది ఒక్కటి లేదు. స్టిక్లీ పత్రికలో అచ్చు వేయదగిన గది అది!

టేకు తలుపుల ఇల్లు

ఈ పద్ధతి ఇండ్లలో మిక్కిలి పేరు పొందినది కాలిఫోర్నియాలో పసడేనా అనే పట్టణంలో ఉన్నది. దానిని గ్యాంబుల్ హౌస్ అంటారు. సబ్బుల వ్యాపారంలో ప్రసిద్ధి చెందిన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ కుటుంబానికి చెందిన డేవిడ్ గ్యాంబుల్, ఆయన భార్య మేరీ దీనిని కట్టించారు. ప్లాను వేసినవారు చార్లెస్ గ్రీన్, హెన్రీ గ్రీన్ అనే అన్నదమ్ములు. 1908లో పని మొదలైంది.

ఆ ఇంటి ముందు తలుపులు, హాలు మన ఆసియా ఖండపు బర్మా టేకుతో చేసినవే. తలుపుల అద్దాలలో కొమ్మలు చాచిన ఓక్ చెట్టు రంగు గాజుతో కనబడుతుంది. ఉదయపు వెలుగు దాని గుండా హాలులోకి దిగుతుంది. కొయ్య అంచులన్నిటినీ చేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా నున్నగా చెక్కారు. కొయ్యకు కొయ్య కలిపిన కీళ్లను దాచకుండా అందంగా చూపించారు. పడక గదుల ప్రక్కన పైకప్పు ఉండి గోడలు లేని వసారాలు ఉన్నాయి, వేసవి రాత్రులు అక్కడ పడుకోవడానికి. మన ఊళ్లలో వాకిట్లో నులక మంచాలు వాల్చుకొని, మిద్దె మీద చాపలు పరచుకొని పడుకొన్న సుఖాన్నే ఆ ధనవంతులు డబ్బు పెట్టి కట్టించుకొన్నారు.

ఆ దంపతుల కుమారుడు సిడ్నీ గ్యాంబుల్ తండ్రి వ్యాపారం చూసుకోక, చైనా వెళ్లి పెకింగులో వై.ఎం.సి.ఎ. పనిలో పాలుపొందాడు. అక్కడి పేదల బ్రతుకుల గురించి సర్వే చేసి 1921లో గ్రంథం ప్రకటించాడు. వేలాది ఫోటోలు తీశాడు. మంచి ఇంట్లో పెరిగిన పిల్లవాడు పరుల ఇండ్లలోని బాధ చూడగలిగాడు. ఇల్లు కట్టడం కంటే ఇది గొప్ప సంగతి.

ఈ ఇల్లు ఎలా మిగిలిందో వినండి. తరువాతి తరంవారు దీనిని అమ్మివేద్దామని ఒక దశలో అనుకొన్నారట. చూడవచ్చినవారు, ఈ కొయ్య అంతా నల్లగా ఉంది, తెల్ల రంగు వేస్తే బాగుంటుంది అని మాట్లాడుకోవడం ఇంటివారి చెవిన పడింది. అంతే, అమ్మకం మానుకొన్నారు. 1966లో ఆ కుటుంబం ఇంటిని పసడేనా నగరానికి, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చూసుకొనే ఒప్పందం మీద ఇచ్చివేసింది. చాలా ఏండ్ల పాటు ఏటా ఇద్దరు విద్యార్థులు ఆ ఇంట్లోనే ఉంటూ భవన నిర్మాణం చదువుకొన్నారు. ఎండకు వానకు చూరు బయటి వాసాల కొనలు చీకిపోతే, 2003, 2004 సంవత్సరాలలో పెద్ద మరమ్మతు జరిగింది. చెడిన కొయ్యనంతా పీకి పారేయక, గట్టిగా ఉన్న భాగాన్ని నిలబెట్టి, చీకిన మేరకు బాగు చేశారు.

స్టిక్లీ సొంత ఇల్లున్న తోట న్యూజెర్సీలో ఉన్నది. అక్కడ కొత్త ఇండ్లు లేపడానికి ప్రయత్నం జరిగితే, 1989లో ఆ ఊరి పాలకవర్గం చట్టప్రకారం దానిని స్వాధీనం చేసుకొని కాపాడింది. అది మ్యూజియం అయింది. ఊరివారు ముందే మేల్కొనకపోతే ఇంత ఖర్చు, ఇంత చట్టం అవసరమయ్యాయి. మన దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది కాస్త ముందుచూపు, అది చాలు.

మన మిద్దె ఎందుకు కారుతుంది?

మన పశ్చిమ ప్రాంతపు ఇల్లు తక్కువదేమీ కాదు. రాతి గోడ, నాపరాతి నేల, పైన దూలాలు, దంతెలు, వాటిపైన చవుడు మట్టి వేసిన మిద్దె. నడుమ వెలుగుకు, పొగకు గవాచి. ముందు అరుగు. చవుడు మట్టికి ఒక గుణం ఉన్నది. వాన పడగానే ఉబ్బి బిగుసుకొని నీటిని లోపలికి దిగనివ్వదు. ఎండకు వేడిని దిగనివ్వదు. మన మార్కాపురం పలక దేశమంతటా పిల్లల చేతుల్లో అక్షరాలు దిద్దించింది. ఇక్కడి పలకరాయి విదేశాల్లో ఇండ్ల గోడలకు, నేలలకు కూడా వెళ్లింది. మన రాయితో పరాయివాడు ఇల్లు అలంకరించుకొంటుంటే, మనం మన రాతి గోడను పడగొడుతున్నాం.

ఇక పెంకుటిండ్ల సంగతి. మంగళూరు పెంకు అని మనం పిలిచే దాని వెనుక కూడా ఒక మిషను ఉన్నది. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. క్రొత్తగా విశ్వాసంలోకి వచ్చి కులవృత్తి, ఆస్తి పోగొట్టుకొన్నవారికి పని చూపించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. పాత పెంకు వెనుక అచ్చు వేసిన అక్షరాలు ఒకసారి తిప్పి చూడండి. ఎక్కడినుండి వచ్చిందో అదే చెప్తుంది.

మరి ఇవి ఎందుకు చెడిపోతున్నాయి? ప్రసంగి 10:18లో జ్ఞాని ఇచ్చిన జవాబు చాలు. సోమరితనం వల్ల ఇంటికప్పు దిగబడుతుంది, చేతులు ముడుచుకొని కూర్చుంటే ఇల్లు కారుతుంది అని ఆయన భావం. మిద్దెకు వానాకాలం ముందు మట్టి సరిచేయాలి. పాతది తీయకుండా ఏటేటా పైన పోసుకొంటూ పోతే బరువు పెరిగి దూలం వంగుతుంది. దోనె మూసుకుపోతే నీరు నిలిచి గోడలోకి దిగుతుంది. గోడ సందులో మొలిచిన రావి మొక్క చిన్నదే కదా అని వదిలితే, పదేండ్లలో దాని వేరు రాళ్లను విడదీస్తుంది. పాపం కూడా ఇలాగే మొలకగానే మొదలవుతుంది.

రెండో కారణం, తెలియక చేసే మేలు. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. ఎద్దు త్రిప్పే గానుగలో సున్నం, ఇసుక మెత్తగా నూరి, పూతకు బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. ఈ సున్నం గోడ ఊపిరి పీల్చుకొంటుంది. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కినా, సున్నపు పూత గుండా బయటికి ఆరిపోతుంది. మనం బలంగా ఉంటుందని దానిమీద సిమెంటు పూస్తాం. సిమెంటు ఆ చెమ్మను బయటికి పోనివ్వదు. చెమ్మ లోపలే ఉండి ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో ఉప్పు పైకి వచ్చి పూత పొట్టుపొట్టుగా రాలుతుంది. రెండేండ్లకు "చూశారా, గోడ చచ్చిపోయింది, పడగొట్టాలి" అంటాం. గోడ చావలేదు, మనం దాని ముక్కు మూశాం! మంచి టేకు తలుపు మీద ఏటా దళసరి రంగు పూయడం కూడా ఇలాంటి పనే. రంగు క్రింద చెదలు పట్టినా కనబడదు.

దాచకూడని ఒక మాట

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కొందరు పెద్దలు, "బంగళాను ఎందుకు కాపాడాలయ్యా? దొర లోపల కూర్చుంటే మా తాత వరండా క్రింద నిలబడ్డాడు. మా వాళ్లు బోద కొట్టంలో పడుకొని, వాళ్లకు బంగళా కట్టారు" అంటారు. ఈ మాటలో ఉన్న బాధ అబద్ధం కాదు. బంగళాకూ మాలపల్లె, మాదిగపల్లెలకూ మధ్య ఉన్న దూరం నిజమైనదే. మిషనెరీలు ప్రేమతో వచ్చారు, అయినా వారి కాలపు అలవాట్లతోనే వచ్చారు. ఇంటిని విశాలంగా కట్టించి పనివానికి న్యాయం చేయనివాని మీద యిర్మీయా పలికిన శ్రమ (22:13-14) ఏ కాలపు ఇంటికైనా వర్తిస్తుంది.

అయితే ఆ బాధే మమ్మును మరొక వైపు కూడా ఆలోచింపజేస్తున్నది. ఆ రాయి కొట్టినది ఎవరు? గానుగ త్రిప్పినది ఎవరు? నల్లమల కొయ్యను కోసి దూలం ఎత్తినది ఎవరు? మన తాతలే. పేర్లు ఏ రిజిస్టరులోనూ లేని మన అవ్వలు ఆ మట్టి తట్టలు మోశారు. దొరలు వెళ్లిపోయారు, సమాధుల తోటలో కొందరు నిద్రిస్తున్నారు. మన తాతల చేతిపనికి మిగిలిన సాక్ష్యం ఆ గోడలే. వాటిని పడగొడితే పోయేది దొర పేరు కాదు, ఆ పేరు పుస్తకాల్లో ఉన్నది. పోయేది మన తాత పేరు. అందుచేత బంగళాను నిలపడమంటే దొరతనాన్ని నిలపడం కాదు. ఆ వరండాలో నేడు మన పిల్లలు కుర్చీలు వేసుకొని చదువుకొంటే, ఆ దూరం అక్కడే తీరిపోతుంది.

యొర్దాను నడిమి నుండి తెచ్చిన పన్నెండు రాళ్లను యెహోషువ గిల్గాలులో ఎందుకు నిలబెట్టాడు? ఈ రాళ్లేమిటని పిల్లలు అడగాలని, పెద్దలు చెప్పాలని (యెహోషువ 4:20-24). అడగడానికి రాయే లేకపోతే పిల్లవాడు ఏమి అడుగుతాడు?

కడపలో ఏమి జరిగింది?

మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొన్నాడు. కలకత్తాలో పనిచేసిన డేవిడ్ బ్రౌన్ అనే పాదిరిగారి కుమారుడాయన. ఆ బంగళాలో తన సొంత జీతంతో పండితులను పెట్టి, తాళపత్రాలను సేకరించి, శుద్ధ ప్రతులు వ్రాయించాడు. వేమన పద్యాలు లోకానికి అందిన పని ఆయనది. మన తెలుగు నిఘంటువు ఆయనది. అటువంటి బంగళాను ఎవరూ పట్టించుకోలేదు. ఏండ్లు గడిచేసరికి మొండి గోడలు మిగిలాయి. చివరికి జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు, ఇంకా కొందరు భాషాభిమానులు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, ఆ స్థలంలో బ్రౌన్ పేరుతో గ్రంథాలయం నిలబెట్టారు. తరువాత అది యోగివేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషా పరిశోధన కేంద్రమయింది.

గ్రంథాలయం లేచినందుకు దేవునికి స్తోత్రం. అయితే బ్రౌన్ కూర్చొన్న గది, పండితులు నడిచిన వరండా తిరిగి రావు. పేరును తిరిగి నిలపవచ్చు. పోయిన గోడను తిరిగి తేలేం. మన కాంపౌండ్లలో ఇంకా గోడలు నిలిచే ఉన్నాయి. కడపవారు శిథిలాల దగ్గర మొదలుపెట్టారు, మనం దానికంటే ముందే మొదలుపెట్టవచ్చు.

సంఘ పెద్దలు చేయదగినవి

పెద్ద డబ్బు లేకుండానే చేయగలిగిన పనులు కొన్ని వ్రాస్తున్నాము. ఇవి బంగళాకే కాదు, మీ మిద్దెకు, పెంకుటింటికి కూడా పనికివస్తాయి.

1. మొదట చూడండి. వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకొని ఇంటి చుట్టూ తిరగండి. నీరు ఎక్కడ దిగుతుందో, ఎక్కడ నిలుస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఒక నోటు పుస్తకంలో తేదీతో వ్రాయండి.

2. పగులుకు గుర్తు పెట్టండి. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. ఆరు నెలలకు గీత దాటితే అది పెరుగుతున్నదని, దాటకపోతే ఆగిందని అర్థం. ఇదే యాజకుని ఏడు దినాల పరీక్ష.

3. నీటిని గోడకు దూరం చేయండి. దోనెలు, తూములు శుభ్రం చేయండి. గోడ మొదట్లో పోసిన మట్టి, చెత్త తీసివేయండి. ఇంటి చుట్టూ నేల బయటికి వాలుగా ఉండాలి.

4. గోడ మీది రావి, మర్రి మొక్కలను వేరుతో సహా తీయించండి. పైకి కోసి వదిలితే మళ్లీ వస్తాయి.

5. సున్నపు గోడకు సున్నమే పూయించండి. గానుగ సున్నం పని తెలిసిన బేల్దారి ముసలివారు మీ చుట్టుప్రక్కల ఉంటే, వారి దగ్గర ఇద్దరు పడుచువారిని పని నేర్చుకోనివ్వండి. వారితో పాటు ఆ విద్య సమాధిలోకి పోకూడదు.

6. చెడిన కొయ్య మేరకే మార్చండి. ఒక దూలం పోయిందని కప్పంతా విప్పవద్దు. చెదల పుట్ట నేలలో ఎక్కడుందో వెదకండి.

7. మిద్దెకు పిట్టగోడ తప్పక ఉండాలి. పిల్లలు పడిపోకుండా ఇది కట్టుకొమ్మని ధర్మశాస్త్రమే చెప్పింది (ద్వితీ. 22:8). పాత అందం పేరుతో ప్రాణాపాయాన్ని ఉంచుకోకూడదు. ఇంజినీరు చూచి, నిలువదు అని చెప్పిన గోడను నిలువనివ్వవద్దు.

8. ఇల్లు ఖాళీగా ఉంచవద్దు. తాళం వేసిన ఇల్లు త్వరగా చస్తుంది. సండే స్కూలు, స్త్రీల సమాజం, కుట్టు తరగతి, చదువుకొనే గది, ఏదో ఒకటి అక్కడ నడిపించండి. రోజూ కిటికీ తెరిస్తే సగం తెగులు పోతుంది.

9. కాగితాలు భద్రం చేయండి. స్థలపు దస్తావేజులు, పాత ఫోటోలు, రిజిస్టర్లు ఒకచోట పెట్టి నకళ్లు తీయించండి. కాంపౌండు స్థలం విలువ పెరిగినకొద్దీ కన్ను వేసేవారు పెరుగుతారు. ఇల్లు ఖాళీ అయితే మొదట కప్పు పోతుంది, తరువాత స్థలం పోతుంది.

10. వృద్ధుల మాటలు వ్రాసుకోండి. ఆ ఇల్లు కట్టడంలో ఎవరి తాత రాయి మోశాడో తెలిసినవారు ఇంకా కొందరున్నారు. ఈ సంవత్సరమే అడగండి.

ప్రభుత్వం కాపాడుతుందిలే అని కూర్చోవద్దు. ప్రాచీన కట్టడాలపై 1958లో వచ్చిన కేంద్ర చట్టం నూరేండ్లు దాటిన కట్టడాలకు వర్తించవచ్చు గాని, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన వాటికే ఆ రక్షణ. పల్లెల్లోని బంగళాలకు కాపలా సంఘమే.

ఖర్చు, లెక్క, నమ్మకం

"సువార్త పనికే డబ్బు లేదు, పాత గోడలకెందుకు?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నకు విలువ ఉన్నది. ఆకలిగా ఉన్న విశ్వాసి ఇంట్లో పొయ్యి వెలిగించకుండా బంగళాకు సున్నం వేయమని మేము చెప్పము. అయితే లెక్క వేసి చూడండి. పడగొట్టి కొత్త భవనం లేపడానికి లక్షలు కావాలి. దోనె శుభ్రం చేయడానికి ఒక శనివారం, పదిమంది యౌవనస్థులు చాలు. మన సంఘాలు పెద్ద ఖర్చుకు చందాలు ఎత్తగలవు గాని, చిన్న శ్రద్ధకు మనుష్యులను లేపలేకపోతున్నాయి. సమస్య డబ్బుది కాదు.

రాజైన యోవాషు కాలంలోనూ ఇదే జరిగింది (2 రాజులు 12). మందిరం బాగుచేయమని యాజకులకు చెప్పి ఏండ్లు గడిచినా పని కాలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, అందరికీ కనబడేచోట పెట్టాడు. వచ్చిన సొమ్మును పని చేయించేవారి చేతికి ఇచ్చారు, వారు దానిని వడ్రంగులకు, రాళ్లు చెక్కేవారికి ఇచ్చారు. ఆ పని చేయించేవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదని వాక్యం సాక్ష్యమిస్తున్నది. మందిరం అటువంటి నమ్మకం మీదనే బాగుపడింది. పెట్టె అందరికీ కనబడాలి, డబ్బు పనికే చేరాలి, పనివానికి కూలి సకాలంలో అందాలి. ఈ మూడూ ఉంటే మీ బంగళా మరో యాభై ఏండ్లు నిలుస్తుంది. ఇవి లేకపోతే కొత్త స్లాబు కూడా అయిదేండ్లకు కారుతుంది.

యోషీయా దినాలలో మందిరం మరమ్మతు చేస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది (2 రాజులు 22). పాత గోడలను శ్రద్ధగా బాగుచేయబోయినవారికే ఆ నిధి కనబడింది. గడ్డపారతో వచ్చినవారికి రాళ్లే దొరికేవి.

ఏ ఇల్లూ శాశ్వతం కాదని మనకు తెలుసు. చేతిపని కాని నిత్యమైన నివాసం కొరకు మనం ఎదురుచూస్తున్నాం (2 కొరింథీ. 5:1). అంతవరకు మన చేతికి అప్పగించిన ఇంటికి మనం గృహనిర్వాహకులం, యజమానులం కాము. కాబట్టి సంఘ పెద్దలారా, వచ్చే కమిటీ కూటంలో బంగళా మాట వస్తే తీర్మానం వ్రాయక ముందు లేవీయకాండము 14వ అధ్యాయం బిగ్గరగా చదివించండి. తరువాత అందరూ లేచి వెళ్లి ఆ గోడ మీద చేయి వేసి చూడండి. చెడిన రాయి ఏదో, మంచి రాయి ఏదో దేవుడు మీకు చూపించును గాక. ఆమేన్.